సుంకమ్మ ముఖం కోసం అయిజ దాకా

గద్వాల అనే పేరును మా వైపు ఆడవాళ్ళు చీరల కొట్లోనే వింటారు. పెళ్ళిళ్ళ రోజుల్లో కొట్టతను మడత విప్పి, "ఇది గద్వాలండీ, ఒళ్ళంతా నూలు, అంచు పట్టు" అని చూపిస్తాడు. ఆ ఊరెక్కడుందని అడిగినవాళ్ళను నేను చూడలేదు. నేనూ అడగలేదు. అమలాపురంలో కాలవల మధ్య పెరిగిన నాకు, ఆ ఊరున్న పాలమూరు జిల్లా అంటే, హైదరాబాదులో మా హాస్టలు ఎదురుగా లేస్తున్న మేడ మీదికి ఇటుకలు మోసేవాళ్ళ జిల్లా. అంతకుమించి తెలియదు.

ఫోటోగ్రఫీ చదువుకోవడానికి హైదరాబాదు వచ్చాను. చివరి ఏడాదిలో మా సారు నా బొమ్మలన్నీ బల్ల మీద పరిపించి చాలాసేపు చూశారు. "అన్నీ శుభ్రంగానే ఉన్నాయమ్మా. కానీ ప్రతి బొమ్మలోనూ నువ్వు వెళ్ళిపోవడానికి లేచి నిలబడ్డట్టే ఉంది. ఒక్క మనిషీ నీ వైపు చూడటం లేదు" అన్నారు.

నిజమే. నా బొమ్మల్లో వీపులున్నాయి, సగం తెరిచిన తలుపులున్నాయి, దూరాన నడిచిపోయేవాళ్ళున్నారు. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పటి నుంచీ రాదు. క్లాసులో తలుపు పక్క కుర్చీయే కావాలి. అన్నం నిలబడే తింటాను. బొమ్మ నొక్కిన మరుక్షణం అక్కడి నుంచి కదిలిపోవాలనిపిస్తుంది, ఎవరో తరుముతున్నట్టు. పరీక్షకు మనుషుల ముఖాలు పెట్టాలి. అవి లేకపోతే చదువు ఆపేసి, అన్నయ్య మాట్లాడి పెట్టిన స్కూల్లో టీచరుగా చేరిపోదామని లోపల ఎప్పుడో అనుకున్నాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఎండలు ముదరకముందే, కెమెరా, కొన్ని నలుపు తెలుపు రీళ్ళు తీసుకుని పాలమూరు జిల్లాకు బయల్దేరాను. నా గదిలో ఉండే సరళది నాగర్‌కర్నూలు. ముందు వాళ్ళింట్లో దిగమంది.

నాగర్‌కర్నూలు బస్టాండు

సరళ వాళ్ళమ్మ పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చి, పుంటికూర పప్పు పెట్టింది. పుంటికూర అంటే ఏ కొత్త ఆకో అనుకున్నాను. తీరా నోట్లో పెట్టుకుంటే మా గోంగూరే. రొట్టె తినడం మాత్రం నాకు రాలేదు. మేము అన్నం కలిపినట్టు దాన్ని ముక్కలు చేసి పప్పులో నానబెడుతుంటే ఆవిడ నవ్వాపుకుంటూ, "ఏడేడి మీద తుంచుకొని తిను బిడ్డ. నానితే ఏముంటది?" అంది.

బస్టాండులో ఒక మూల పాతికమంది దాకా ఆడా మగా మూటల మీద కూర్చుని ఉన్నారు. సత్తు గిన్నెలు, చాపలు, ఒక కోడి కూడా ఉంది. పనులకు వెళ్తున్న గుంపు. చాయ్ కొట్టు స్తంభం వెనక నిలబడి దూరం నుంచి బొమ్మ తీస్తున్నాను. మూట మీద కూర్చున్న ఒకామె నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఓ అమ్మా, గాడ దాక్కొని ఏం జేస్తున్నవ్? దీసేదుంటే ముంగటికొచ్చి దియ్యి."

సిగ్గేసింది. ముందుకు వెళ్ళి గబగబా రెండు నొక్కాను. ఆమె పక్కనున్న కోడిని కూడా ఒళ్ళోకి తీసుకుంది.

"మాకు పంపుతవా?" అని అడిగింది.

"పంపుతానండీ. ఏ ఊరికి పంపమంటారు?"

ఆమె పక్కనున్నవాళ్ళ వంక చూసింది. వాళ్ళలో ఒకడు, "మాకే తెల్వదు. మేస్త్రి యాడ దింపుతే ఆడ" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఇంకాసేపు ఉంటే ఆమె పేరైనా తెలిసేది. కానీ కాళ్ళు అప్పటికే అవతలికి తిరిగాయి. వనపర్తి బోర్డున్న బస్సు కనబడితే ఎక్కేశాను. సగం దూరం పోయాక గుర్తొచ్చింది, సరళ వాళ్ళమ్మకు వస్తానని చెప్పనేలేదని.

వనపర్తిలో కుర్చీ

వనపర్తి రాజావారి ఊరు. ఆయన మేడలో ఇప్పుడు కాలేజీ నడుస్తోంది. కుర్రాళ్ళు సైకిళ్ళ మీద ఆ పెద్ద ద్వారంలోంచి సినిమా హాల్లోకి వెళ్ళినంత మామూలుగా వెళ్తున్నారు. నేను బయటి నుంచే ద్వారం బొమ్మ తీసుకున్నాను. మళ్ళీ ద్వారమే.

బజారులో ఒక చిన్న ఫోటో స్టూడియో కనిపించింది. యజమాని రహీం భాయ్‌కి యాభై దాటి ఉంటాయి, గడ్డానికి గోరింటాకు. నేను కూడా అదే చదువుతున్నానని చెప్పగానే చాయ్ తెప్పించాడు. చాయ్ మా ఊరి కంటే పావలా తక్కువ, చక్కెర రెండింతలు. నా రీలు తన చీకటి గదిలో కడుక్కోమన్నాడు. కడిగి చూసుకుంటే కోడిని పట్టుకున్నామె తల సగానికి తెగి ఉంది. కోడి మాత్రం నిక్షేపంగా ఉంది.

రహీం భాయ్ గోడకు ఒక పెద్ద తెర ఉంది. దాని మీద మంచు కొండలు, కొలను, కొలనులో పడవ. "నేనే గీసిన. కశ్మీర్" అన్నాడు.

"మీరు వెళ్ళారా?"

"నేను కర్నూలు దాటి పోలే. మందికి మంచిగ అనిపిస్తది కదా." నా కెమెరా వంక చూసి, "నువ్వు ఎప్పుడన్న ఫోటో దిగినవా బిడ్డ?" అని అడిగాడు.

పరీక్షలకు అంటించే ఫోటోలు తప్ప దిగలేదన్నాను. "అయితే గా కుర్చీల కూసో."

కూర్చున్నాను. పక్కల నుంచి రెండు పెద్ద దీపాల వెలుతురు ముఖం మీద పడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంటే బరువుగా ఉన్నాయి, కుర్చీ చేతుల మీద పెడితే ఎవరివో అనిపించాయి. ఎదురుగా నల్లగుడ్డ కప్పుకున్న మనిషి నాలో ఏం చూస్తున్నాడో తెలియక చెమటలు పట్టాయి. అలా నన్ను ఒకరు అంతసేపు చూడటం నాకు జ్ఞాపకం ఉన్నంతలో అదే మొదలు.

గుడ్డ లోపలి నుంచి గొంతు వినిపించింది. "జర నిమ్మళంగ కూసో బిడ్డ. ఏం పరేషాన్ ఉంది? బస్సేం పోతలేదు."

"ఉంది భాయ్. మూడింటికి గద్వాల బస్సుంది."

"పోతే ఇంకోటస్తది" అన్నాడు. ఎంతసేపు ఉంచాడో తెలియదు.   నేను బొమ్మ తీసే వాళ్ళందరికీ ఇలాగే ఉంటుందని, నేను మాత్రం నొక్కి వెళ్ళిపోతూ వచ్చానని తరవాత తట్టింది. ఆయన డబ్బు తీసుకోలేదు. గద్వాలలో నేత పని చేసే తన స్నేహితుడు బుచ్చన్న ఇంటికి ఎలా పోవాలో చెప్పి, "రహీం పంపిండని చెప్పు. వాళ్ళు మంచోళ్ళు" అన్నాడు.

మూడింటి బస్సు వెళ్ళిపోయింది. తరవాతది దొరికింది.

కృష్ణ దాటాక

బీచుపల్లి దగ్గర బస్సు కృష్ణ మీది వంతెన ఎక్కింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి నీళ్ళ కోసం వెతికాను. గోదావరి చూసిన కళ్ళకు ఇది నది అనిపించలేదు. పరుపు బండలు, వాటి మధ్య పాయలు పాయలుగా నీళ్ళు, బండల మీద ఆరేసిన చీరలు. పక్క సీటు పెద్దాయన, "గిప్పుడు గిట్లుంది కాని, వానకాలం చూడాలె. ఎగువకు జూరాల కాడ ఆనకట్ట కడుతున్నరు. అది అయితే మా చేన్లకు నీళ్ళొస్తయంట" అన్నాడు. ఎప్పుడు అవుతుందని అడిగాను. "నా పెండ్లి అయినంక మొదలువెట్టిండ్రు. నా మనుమనికి పెండ్లి జేస్తున్న" అన్నాడు. ఎక్కువ చేసి చెప్పాడనే అనుకుంటున్నాను. కానీ ముఖం మాత్రం మామూలుగానే ఉంది.

గద్వాల

గద్వాలలో కోట గోడ నీడన నడుస్తుంటే వీధి వీధికీ మగ్గం చప్పుడు వినిపిస్తుంది. మా ఊళ్ళో పొద్దున్నే కొబ్బరి దింపే చప్పుడు వినిపించినట్టు. బుచ్చన్న మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. ఆయన భార్య జయమ్మ పక్కన కూర్చుని రాట్నం మీద కండెలకు దారం చుడుతోంది. ఆమెకు నలభై ఉంటాయి. రహీం పేరు చెప్పగానే చేతిలో పని వదలకుండానే, "రా చెల్లె, కూసో" అంది. ఊరు ఏది, ఎవరి బిడ్డవు, పెండ్లయిందా, ఆడపిల్లవు ఒక్కదానివే ఎట్ల తిరుగుతున్నవ్, అన్నీ వరసగా అడిగింది. మా వైపు కూడా ఇవన్నీ అడుగుతారు, కాకపోతే కాఫీ ఇచ్చాక.

రెండు రోజులు వాళ్ళింట్లోనే ఉన్నాను. చేతులు తీశాను, పడుగు దారాలు తీశాను, అంచు తీశాను. రెండో రోజు జయమ్మ కండె పక్కన పెట్టి నా వంక తిరిగింది.

"ఎవరొచ్చినా మగ్గాన్నే దీస్తరు. చేతులు దీస్తరు. నాకొక పని జేసిపెడతవా చెల్లె?"

"చెప్పండక్కా. మీ ఫోటో తియ్యాలా?"

"నాది గాదు. మా చెల్లెది."

చెల్లెలి పేరు సుంకమ్మ. గద్వాల నుంచి బస్సులో పోయే ఊరు, అయిజలో ఇచ్చారు. జయమ్మ ఆ పేరు అనగానే మగ్గం చప్పుడు ఆగింది. బుచ్చన్న తల ఎత్తి భార్యను చూసి, మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

ఆరేళ్ళ కింద వాళ్ళ అమ్మ ఈ ఇంట్లోనే జబ్బుపడింది. దవాఖానలో చూపించారు, తగ్గుతుందన్నారు. జయమ్మ అయిజకు కబురు పంపలేదు. తగ్గలేదు. చావు కబురు అందుకుని సుంకమ్మ వచ్చేసరికి అంతా అయిపోయింది, ఆఖరికి పిడికెడు మట్టి వేయడానికి కూడా లేకపోయింది. ఆ రోజు వాకిట్లోంచే తిరిగి వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు, మాట్లాడలేదు.

"అమ్మది ఒక్క ఫోటో లేదు" అంది జయమ్మ. "నాది మా నాయిన పోలిక. అమ్మ మొఖం అచ్చం దానిదే. యాది జేసుకుందామంటే నాకు ఈ నడుమ అమ్మ మొఖం సరిగ కానొస్తలేదు చెల్లె. ఎంత యాది జేసినా చేతులే కానొస్తున్నయ్. నువ్వొస్తే, హైదరాబాదు నుంచి ఫోటో పిల్ల వచ్చిందని పోవచ్చు. ఒట్టిగ పోతే అది తలుపు దియ్యదు."

నా దగ్గర ఒక్క రీలే మిగిలి ఉంది. మరునాడు హైదరాబాదు బస్సు ఎక్కాలనుకున్నాను. సరేనని ఎందుకన్నానో తెలియదు.

అయిజ

అయిజ బస్సులో ఒక ముసలామె నన్ను చూసి, "ఊట ఆయ్తా?" అని అడిగింది. నేను అయోమయంగా చూస్తే జయమ్మ, "తిన్నవా అని అడుగుతుంది. రాయచూరు దిక్కు మనిషి" అని చెప్పింది. ఇక దారి పొడుగునా జయమ్మకు ఒకటే పని. కొంగు కొసను వేలికి చుట్టడం, విప్పడం.

సుంకమ్మ భర్త మగ్గం వదిలేసి కౌలుకు చేను చేస్తున్నాడు. మేం వెళ్ళేసరికి ఆయన చేనుకు పోయాడు. సుంకమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకుని పల్లికాయ ఒలుస్తోంది. తల ఎత్తి అక్కను చూసింది. మళ్ళీ తల దించి ఒలిచింది.

"ఎవలు నువ్వు?" అని నన్నడిగింది. చెప్పాను. "ఎండల వడి వచ్చినవ్. లోపటికి రా, నీళ్ళు తాగు" అంది. జయమ్మను రమ్మనలేదు. జయమ్మ అరుగు అంచున కూర్చుంది.

ఆ తరవాత జరిగింది తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు నవ్వే ధైర్యం లేదు. ఇద్దరూ నాతోనే మాట్లాడారు.

"ఎందుకొచ్చిందో అడుగు" అంది సుంకమ్మ.

"ఒక్క ఫోటో దిగుమను. అమ్మ మొఖం దానిదే అని చెప్పు" అంది జయమ్మ అరుగు మీంచి.

"ఇన్నేండ్లకు నా మొఖం యాదికొచ్చిందా అను."

అవన్నీ నేను అటూ ఇటూ చెప్పనక్కర్లేదు, ఇద్దరికీ వినిపిస్తూనే ఉన్నాయి. అయినా మధ్యలో నన్ను చూడకుండా ఒక్క మాటా సాగలేదు. సుంకమ్మ నాకు ఉగ్గాని కలిపి పెట్టింది. నానిన బొరుగులు, పచ్చిమిర్చి, పైన పుట్నాల పొడి. ఇంకొక గిన్నెలో కూడా పెట్టి, "ఆడ కూసున్నామెకు ఇయ్యి" అంది. ఆ గిన్నెలో ఉల్లిపాయ వేయలేదు. జయమ్మ ఉల్లిపాయ తినదని గద్వాలలో చూశాను.

మధ్యాహ్నం దాటుతోంది. ఫోటో ఊసు లేదు. నాకు లోపల మళ్ళీ మొదలైంది, అరికాళ్ళలో పురుగు పాకినట్టు. ఇది వాళ్ళింటి గొడవ, నేనెందుకు ఇక్కడ అనిపించింది. నా అవస్థ చూసి జయమ్మే, "నువ్వు పో చెల్లె. నీ పని ఖరాబయితది. నేను జరసేపు కూసొని వస్త" అంది. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు సంచీ భుజాన వేసుకున్నాను.

బస్టాండులో కర్నూలు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కర్నూలు పోతే హైదరాబాదుకు ఎన్ని బస్సులైనా దొరుకుతాయి. మెట్టు మీద కాలు పెట్టాను. కండక్టరు, "లోపటికి జరుగమ్మా" అన్నాడు. అప్పుడు నాకు ఉల్లిపాయ వేయని ఆ గిన్నె కళ్ళ ముందు నిలబడింది. ఆ ఇద్దరూ ఇప్పుడేం మాట్లాడుకుంటున్నారో, అసలు మాట్లాడుకుంటున్నారో లేదో తెలియకుండా హైదరాబాదు ఎలా పోవడం? కెమెరా సంగతి నాకు ఆ నిమిషంలో గుర్తుకే రాలేదు. కాలు దించాను. కండక్టరు నన్నొక వింత మనిషిని చూసినట్టు చూసి విజిల్ వేశాడు.

తిరిగి వెళ్ళేసరికి జయమ్మ అరుగు మీద లేదు. చాటకు అవతల కూర్చుని తనూ పల్లికాయ ఒలుస్తోంది. ఇద్దరి గొంతులూ వీధిలోకే వినిపిస్తున్నాయి.

"చెప్పి ఉంటే వచ్చెదాన్ని కదా. నా ఒళ్ళో అమ్మ తల వెట్టుకునెదాన్ని కదా."

"తెలుసు."

"తెలిసి ఎందుకు చెప్పలే?"

జయమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "భయమైంది సుంకి. నీకు కబురు పంపితే అమ్మ పోతుందని నేను ఒప్పుకున్నట్టే గదా. రేపు లేస్తది, రేపు లేస్తది అనుకున్న. నీకు చెప్పొద్దని గాదు. నాకు నేనే చెప్పుకోలే."

సుంకమ్మ ఇంకో రెండు కాయలు ఒలిచింది. గుమ్మంలో నిలబడ్డ నన్ను అప్పుడు చూసింది.

"పోలేదా నువ్వు?"

"లేదక్కా."

"దా. దీయి. నవ్వుమంటే మాత్రం నవ్వ. గిట్లనే దీయి."

ఇంతకుముందు నేనయితే గుమ్మంలోంచే నొక్కేదాన్ని. వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద, పొట్టు మధ్య కూర్చున్నాను. ఆమె ముఖం తప్ప ఇంకేమీ పట్టనంత దగ్గరగా. కోపం ఇంకా పోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పై పెదవి మీద చెమట, జుట్టులో పల్లికాయ తొక్క. చేతులు ఏం చేసుకోవాలో తెలియక కొంగు సవరించుకోబోయింది. "చేతులతో ఒలుచుకోండక్కా, ఆపొద్దు" అన్నాను. నాకు తెలుసు ఆ బరువు. ఆమె ఒలుస్తూ నన్నే సూటిగా చూసింది. ఒకటి నొక్కాక లేవలేదు. రెండోదీ, మూడోదీ. ఎండ వాకిలి దాటి గోడెక్కే దాకా రీలంతా ఆ ఒక్క ముఖానికే పెట్టాను.

నా వెనక జయమ్మ నిలబడి ఉంది. ఆమె కెమెరాను చూడటం లేదు. చెల్లెలి ముఖాన్నే చూస్తోంది. ఉన్నట్టుండి, "గిట్లనే ఉండె" అంది మెల్లగా. "కోపమొస్తే అమ్మ గిట్లనే చూసెడిది."

రీలు తిరిగిపోయి, మీట ఇక కదలలేదు. సుంకమ్మ ముఖం తుడుచుకుని, "మా అక్కది?" అని అడిగింది.

"రీలు అయిపోయిందక్కా."

"నాకు గూడ ఒకటుండాలె గదా."

ఖాళీ సంచీ తెరిచి చూపించాను. ఆమె సంచీలోకి తొంగిచూసి, "అయితే ఫోటో వద్దు. మనిషినే ఉంచుకుంట" అంది. అక్క వైపు తిరిగి, నా ద్వారా కాకుండా సూటిగా, "రెండు దినాలు ఉండి పో" అంది.

"మగ్గం మీద చీర ఉంది. కండెలు ఎవరు సుట్టాలె?"

"చీర యాడికి పోదు."

జయమ్మ నా వంక చూసింది. "చెల్లె, నువ్వు గద్వాలకు పోయి ఆయనకు చెప్పిపోతవా?"

ఆ ముఖాన్ని ఇప్పుడు హైదరాబాదులో నా గదిలో తీగ మీద ఆరేశాను. పరీక్షకు అదొక్కటే పెడుతున్నాను. రెండు పెద్ద ప్రతులు గద్వాలకూ అయిజకూ పోస్టు చేశాను. స్కూలు ఉద్యోగానికి రానని అన్నయ్యకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి చెప్పాను. కుదురు వచ్చిందా అంటే రాలేదు. ఇది రాస్తూ కూడా ఎన్నోసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చాను. కాకపోతే ఈమధ్య లేచినా మళ్ళీ వచ్చి కూర్చుంటున్నాను.

మళ్ళీ గద్వాల

ఆ రోజు అయిజ నుంచి సాయంత్రం బస్సుకు గద్వాల చేరాను. బుచ్చన్న మగ్గం మీదే ఉన్నాడు. జయమ్మ కనిపించకపోయేసరికి ఆయన చేతులు ఆగాయి.

"ఆమె ఏది?"

"అక్క అక్కడే ఉండిపోయింది. రెండు రోజులు ఉండి వస్తానని చెప్పమంది."

ఆయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మాట్లాడుకుంటున్నరా ఇద్దరు?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నేను వచ్చేటప్పటికి మళ్ళీ కొట్లాడుకుంటున్నారన్నా. పల్లికాయ ఎవరు సరిగ్గా ఒలవలేదో అని."

"గట్లయితే మంచిగున్నరు" అన్నాడు బుచ్చన్న. గుంటలోంచి పైకి వచ్చి, భార్య రాట్నం ముందు కూర్చుని, కండెలు తనే చుట్టుకోవడం మొదలుపెట్టాడు.